షార్ పక్కనున్నా చెప్పేవారేరీ?

మేడెక్కి రాకెట్ ఎగరడం చూడటం సూళ్లూరుపేట పిల్లలకు కొత్త కాదు. శ్రీహరికోటలోని ఇస్రో ప్రయోగ కేంద్రం షార్‌లో 1971 నుంచీ ప్రయోగాలే. ఇంటర్ ఎంపీసీ కాగానే ‘ఏరోనాటికల్’ మీదికి మనసు పోవడం సహజం. చేరేముందు ఒక తేడా తెలియాలి. బీటెక్ విమానాన్ని రూపొందించే చదువు. మరమ్మతు తర్వాత విమానం ఎగరొచ్చని సంతకం పెట్టాలంటే మాత్రం పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పరీక్షలు, పని అనుభవం, లైసెన్సు కావాలి. పట్టా ఒక్కటే చాలదు. ఫీజు కట్టించుకునేటప్పుడు ఈ ముక్క గట్టిగా చెప్పే కాలేజీలు తక్కువే! ఇస్రోయే లక్ష్యమైతే తిరువనంతపురంలో అంతరిక్ష విద్యాసంస్థ ఐఐఎస్‌టీ ఉంది. జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు తెచ్చుకోవాలి. రాలేదా? షార్‌కు మెకానికల్, ఎలక్ట్రానిక్స్ ఇంజినీర్లూ, ఐటీఐ ఫిట్టర్లూ కావాలి. స్థానిక జూనియర్ కాలేజీలకు షార్ ఇంజినీర్లు ఏటా ఓ పూట వచ్చి ఇదంతా వివరించే ఏర్పాటు జిల్లా యంత్రాంగం చేయాలి.