త్రాడు పట్టుకొని దిగినవాడు

సాహసమంటే శత్రువును కూల్చడమేనన్న భావం మన సంభాషణలలో బలంగా నాటుకొని ఉన్నది. పడగొట్టిన విమానాలనూ పట్టుకొన్న కోటలనూ లెక్కించడం తేలిక. బ్రతికించిన ప్రాణాలను లెక్కించే అలవాటు మనకు తక్కువ. ఈ కొలత మారాలని నా అభిప్రాయం. అందుకు నిదర్శనంగా వియత్నాం యుద్ధంలోని ఒక్క దినాన్ని విద్యార్థి మిత్రుల ముందు ఉంచుతున్నాను.

అది 1966 ఏప్రిల్ 11. సైగాన్ నగరానికి తూర్పున, కామ్ మీ సమీపంలోని కీకారణ్యంలో అమెరికన్ పదాతిదళానికి చెందిన చార్లీ కంపెనీ వియత్‌కాంగ్ సేనల మధ్య చిక్కుకొన్నది. నూరడుగులకు మించిన వృక్షాలు. హెలికాప్టరు దిగడానికి జానెడు జాగా లేదు. బియెన్ హోవా స్థావరం నుండి వచ్చిన రెండు హస్కీ హెలికాప్టర్లు చెట్లపైన గాలిలో నిలిచి, తొట్టివంటి స్ట్రెచరును ఉక్కుత్రాడుతో దించసాగాయి. క్రింది సైనికులకు క్షతగాత్రులను అందులో పొందికగా కట్టి పంపడం చేతకాలేదు. ఒక్కొక్కరికి ఎంతో సేపు పట్టేది. అంతసేపూ హెలికాప్టరు కదలక మెదలక తుపాకులకు గురిగా నిలవవలసినదే.

ఆ హెలికాప్టరు సిబ్బందిలో విలియం పిట్సెన్‌బార్గర్ ఒకడు. ఒహాయో రాష్ట్రంలోని పిక్వా అతని స్వస్థలం. వయస్సు 21 సంవత్సరాలు, అంటే మనలో చాలామంది డిగ్రీ పట్టా పుచ్చుకొనే వయస్సు. పారాచూటుతో దూకడంలోనూ, గాయపడినవారికి చికిత్స చేయడంలోనూ శిక్షణ పొందినవాడు. అప్పటికే 250కి పైగా రక్షణ యాత్రలలో పాల్గొన్నవాడు. క్రింద జరుగుతున్న ఆలస్యాన్ని చూచి, తన్ను దించమని అతడే కోరాడు. త్రాడు పట్టుకొని ఆ పోరు మధ్యకు దిగాడు.

తొమ్మిదిమంది క్షతగాత్రులు పైకి చేరారు. హెలికాప్టరు వచ్చిన ప్రతిసారీ అతడు కూడా ఎక్కి పోవచ్చును. తనకు బదులు మరొకరిని పంపాడు. చివరకు ఒక హెలికాప్టరుకు తూటాలు తగిలి, అది వెనుదిరగక తప్పలేదు. అతడు క్రిందనే ఉండిపోయాడు. విరిగిన ఎముకలకు కొమ్మలతో బద్దలు కట్టాడు. మృతుల వద్దనున్న మందుగుండును ఏరి, పోరాడుతున్నవారికి పంచాడు. మూడు గాయాలు తగిలినా ఆగలేదు. ఆ రాత్రి మరణించాడు. ఆ కంపెనీలోని 134 మందిలో నూరుమందికి పైగా చనిపోవడమో గాయపడడమో జరిగినది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. ఆ యుద్ధమే అన్యాయమైనదైతే, అందులో పాల్గొన్నవానిని ఎట్లా శ్లాఘించడం? ఆక్షేపణ తేలికైనది కాదు. వియత్నాం యుద్ధాన్ని నేను సమర్థించను. అతడు ఆ దినాన తుపాకిని కూడా పేల్చాడు, దానిని దాచడం నిజాయితీ కాదు. అయితే ఆ యుద్ధాన్ని నిర్ణయించినది అతడు కాదు. ఆ త్రాడు పట్టుకొనడాన్ని మాత్రం అతడే నిర్ణయించుకొన్నాడు. మనం తీర్పు చెప్పవలసినది ఈ రెండవ నిర్ణయం గురించి. ఆజ్ఞ ప్రకారం శత్రువు మీదికి దూకడంలో ధైర్యమున్నది, సందేహం లేదు. కాని వెళ్ళిపోవడానికి అనుమతి ఉండి, పైన త్రాడు వ్రేలాడుతుండగా, ముక్కూ మొహమూ తెలియని మరొక దళపు సైనికుల కొరకు నిలిచిపోవడం వేరు జాతికి చెందిన ధైర్యం. ఇదే అడవిలో, హెలికాప్టర్ల ఆసరా లేకుండా, తమ క్షతగాత్రులను భుజాలపై మోసుకొనిపోయిన వియత్నాం పక్షంవారు కూడా ఉంటారు. నేను ప్రతిపాదించే కొలత వారికీ వర్తిస్తుంది. అట్లా వర్తించకపోతే అది కొలతే కాదు.

బిరుదుల విషయం చూడండి. 1966లోనే అతని తల్లిదండ్రులకు వైమానికదళ క్రాస్ పతకం అందినది. ఆ దేశపు అత్యున్నతమైన మెడల్ ఆఫ్ ఆనర్ మాత్రం 2000 డిసెంబరు 8న గాని రాలేదు. నడుమ 34 సంవత్సరాలు! ప్రభుత్వాల దస్త్రాలు ఎక్కడైనా ఒకే వేగంతో కదులుతాయి కాబోలు. ఆ దస్త్రాన్ని కదిలించడానికి పాటుపడినవారిలో ఆనాటి అడవి నుండి ప్రాణాలతో బయటపడిన చార్లీ కంపెనీ సైనికులున్నారు. వారు అతని దళంవారు కారు. ఆ ఒక్కనాడు తప్ప వారికి అతనితో పరిచయమే లేదు.

తరువాత అతని పేరు ఒక నౌకకు పెట్టారు, 2019లో ఒక చలనచిత్రం కూడా వచ్చింది. నాకు వాటికంటె డేటన్ వద్ద వైమానికదళ ప్రదర్శనశాలలో ఆ పతకం అందజేసిన దృశ్యమే గొప్పగా తోస్తుంది. దానిని స్వీకరించినది కుమారునికంటె 34 ఏండ్లు ఎక్కువగా జీవించిన తండ్రి. ఆ సభకు వచ్చినవారిలో ఆనాటి సైనికులు, నడివయస్సు దాటుతున్నవారు, ఉన్నారు.