కదలాలంటే చోటేది?

సంక్రాంతికి రెండు రోజుల ముందు చౌటుప్పల్ మండలం పంతంగి టోల్‌ప్లాజా దగ్గర విజయవాడ వైపు బారులు తీరే కార్లను ఏటా చూస్తున్నాం. కనుమ దాటగానే అవే కార్లు డిక్కీల్లో అరిసెల డబ్బాలు, కొత్త బియ్యం మూటలు వేసుకుని అదే గేటు ముందుకు తిరిగొస్తాయి, ఈసారి హైదరాబాద్ వైపు. ఆ నాలుగు రోజుల్లో పెద్దవాళ్ల ముందు ప్రతి ఇంట్లోనూ ఒక్కసారైనా మాట వస్తుంది: ఇంకా ఆ నగరంలోనే ఎందుకు, ఇక్కడికో మరో ఊరికో వచ్చేయకూడదా అని. తీరా లెక్క వేసుకుంటే ఏ ఊరూ నిలవదు. వెళ్లాలనుకునే కుటుంబం వెళ్లదగ్గ చోటు దొరక్క ఆగిపోతోంది. ఆ చోటును తయారు చేయాల్సిన బాధ్యతను రెండు తెలుగు రాష్ట్రాల పాలకులు పదేళ్లకు పైగా విస్మరించారు.

హైదరాబాద్ ఖరీదు గురించి పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. అద్దె, మెయింటెనెన్సు, బడి ఫీజు కట్టేసరికి ఇంట్లో ఒకరి జీతం హరించుకుపోతోంది. ఎండలు ముదరకముందే బోర్లు ఎండిపోయి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ట్యాంకర్ల లెక్క మొదలవుతుంది: ఈ వారం ఎన్ని తెప్పించాం, ఫ్లాటుకు ఎంత పడింది, పై అంతస్తుకు నీళ్లెందుకు ఎక్కలేదు. నగరం తాగే కృష్ణా జలాలను నాగార్జునసాగర్ నుంచి వంద కిలోమీటర్లకు పైగా ఎత్తిపోసి తేవాలి. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల పరీవాహక ప్రాంతాన్ని కాపాడిన 1996 నాటి 111 జీవో ఆంక్షలను 2022లో ఎత్తేశారు. 2007లో 12 మున్సిపాలిటీలను కలుపుకుని ‘గ్రేటర్’ అయిన నగరంలో మరో 27 పట్టణ స్థానిక సంస్థలను విలీనం చేయాలని 2025 చివర్లో నిర్ణయించారు. ఇరుకైనప్పుడల్లా హద్దు జరపడమే పరిష్కారమన్న నమ్మకం ప్రభుత్వాలు మారినా మారలేదు. హద్దు జరిగిన ప్రతిసారీ ఉద్యోగి బస్సులో, బండి మీద గడిపే సమయం పెరిగింది తప్ప అద్దె దిగలేదు.

కుటుంబం ఎలా కదులుతుందో, ఎందుకు కదలదో తెలుసుకోవడానికి పాలకులు ఏ నిపుణులనూ పిలవనక్కర్లేదు. 2016 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సచివాలయ ఉద్యోగులను హైదరాబాద్ నుంచి వెలగపూడికి రప్పించింది. వారానికి ఐదు రోజుల పని, ఉచిత వసతి ఇచ్చింది. వారి రాకపోకల కోసం విజయవాడ, హైదరాబాద్‌ల మధ్య ప్రత్యేకంగా ఇంటర్‌సిటీ రైలు వేయించింది. ఉద్యోగులు వచ్చారు, ఎన్నో ఇళ్లు మాత్రం అక్కడే ఉండిపోయాయి. భార్య ఉద్యోగం హైదరాబాద్‌లో, అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం హైదరాబాద్‌లో, తండ్రిని నెలనెలా చూసే డాక్టరు హైదరాబాద్‌లో. శుక్రవారం సాయంత్రం భుజాన బ్యాగు, చేతిలో ఖాళీ టిఫిన్ క్యారియర్‌తో రైలెక్కి, మళ్లీ సోమవారం సీటు దగ్గరకు చేరిన ఉద్యోగులు ఏళ్ల తరబడి రెండు కాపురాలు నడిపారు. తాత్కాలికమన్న ఆ వెసులుబాట్లను ప్రభుత్వం ఏటా పొడిగిస్తూ పోయింది. జీతమిచ్చి, వసతి ఇచ్చి, రైలు వేయించిన సర్కారే సొంత ఉద్యోగుల ఇళ్లను కదిలించలేకపోయినప్పుడు, ఏ అండా లేని ప్రైవేటు ఉద్యోగి ఏ ధైర్యంతో సామాను సర్దుకోవాలి? ఆఫీసు గది వెంట కుటుంబం రాదు. బడి, ఆసుపత్రి, ఇంట్లో రెండో మనిషికి పని ఉన్న చోటికే వస్తుంది. ఈ పాఠం అప్పుడే చేతికందింది. దాన్ని చదివిన దాఖలా లేదు.

నమ్మి వచ్చినవారికి ఏం జరిగిందన్నది ఇంకా బాధాకరం. అభివృద్ధినంతా ఒకే మహానగరంలో కుప్పపోయవద్దని, సంస్థలను రాష్ట్రమంతటా పంచాలని రాజధాని ఎంపికపై వేసిన శివరామకృష్ణన్ కమిటీ 2014 ఆగస్టులో చెప్పింది. ఆ నివేదికను పక్కన పెట్టారు. 29 గ్రామాల్లో 33 వేల ఎకరాలకు పైగా సమీకరించి 2015 అక్టోబరులో అమరావతికి శంకుస్థాపన చేశారు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చింది. 2020లో అందుకు చట్టాలు చేశారు, 2021 నవంబరులో వెనక్కి తీసుకున్నారు, 2022 మార్చిలో అమరావతినే అభివృద్ధి చేయాలని హైకోర్టు తీర్పు వచ్చింది. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ అమరావతి. ఈ మలుపుల్లో భూములిచ్చిన రైతుల గోడు రాష్ట్రమంతా విన్నది. వారి వెనుక మరో సమూహం ఉంది: ప్రభుత్వ ప్రకటన చదివి గుంటూరులోనో మంగళగిరిలోనో ఫ్లాటు కొని, పిల్లల్ని అక్కడి బడిలో చేర్చి, తర్వాత విశాఖ వైపు చూడాల్సి వచ్చి, మళ్లీ చూపు తిప్పుకున్నవాళ్లు. ఇంటి రుణం ఇరవై ఏళ్లు. ప్రభుత్వ మాట ఐదేళ్లు. ఈ తేడాను భరించేది సామాన్యుడు. రాజధానినే ఎన్నికల ఫలితానికి ముడిపెట్టవచ్చన్న ఆనవాయితీ ఒకసారి స్థిరపడితే, రేపు విశ్వవిద్యాలయానికీ పారిశ్రామికవాడకూ అదే వర్తిస్తుంది. ఈ విషయంలో ఒక పార్టీని తప్పుపట్టి మరో పార్టీని వదిలేయడానికి మా మనస్సాక్షి ఒప్పుకోదు.

తెలంగాణ పరిస్థితి వేరుగా కనిపించినా మూలం అదే. 2016 అక్టోబరులో పది జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. కలెక్టరేట్లు వచ్చాయి, ఉపాధి మాత్రం హైదరాబాద్ చుట్టూనే ఉండిపోయింది. 1959లోనే ఇంజినీరింగ్ కళాశాలను, వైద్య కళాశాలను పొందిన వరంగల్ ఈపాటికి హైదరాబాద్‌కు దీటైన రెండో నగరం కావాల్సింది. 2011 లెక్కల్లో దాని జనాభా ఎనిమిది లక్షలకు అటూఇటూ, హైదరాబాద్‌ది 67 లక్షలకు పైగా. శంషాబాద్ విమానాశ్రయం ఒప్పందంలో 150 కిలోమీటర్ల లోపు మరోటి రాకూడదన్న షరతు రాశారు. వరంగల్ దగ్గర నిజాం కాలంలోనే రన్‌వే ఉన్న మామునూరుకు ఆ షరతు ఏళ్లకేళ్లు అడ్డుపడింది. కేంద్రం అనుమతి 2025 ఫిబ్రవరిలో గానీ రాలేదు. కరీంనగర్‌లో, ఖమ్మంలో 2020లో ఐటీ టవర్లు తెరిచారు. మంచిదే. అయితే టవరులో భర్తకు సీటు దొరికి, భార్యకు ఆ ఊళ్లో తన చదువుకు తగ్గ పని లేకపోతే ఆ ఇల్లు మళ్లీ హైదరాబాద్ బస్సే ఎక్కుతుంది. ఇక 2021 డిసెంబరు నాటి 317 జీవోను ఏ ఉపాధ్యాయ కుటుంబమూ మరచిపోలేదు. పుట్టి పెరిగిన జిల్లాను చూడకుండా సీనియారిటీ జాబితాతో కేటాయింపులు చేసి భార్యనొక జిల్లాకు, భర్తనొక జిల్లాకు పంపారు. మనుషుల తరలింపును కాగితం మీది గడులుగా చూడటానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

అన్నిటికంటే పెద్ద అన్యాయం స్థానికత విషయంలో జరుగుతోంది. తెలంగాణలో వైద్య విద్య రాష్ట్ర కోటా సీటు కావాలంటే ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లూ రాష్ట్రంలోనే చదివి ఉండాలన్న నిబంధనను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. స్థానిక విద్యార్థులకు రక్షణ ఉండాలన్న సూత్రంతో మాకు పేచీ లేదు. ఆ సూత్రం ఎన్నో పోరాటాల ఫలితం. కానీ ప్రభుత్వ ఉద్యోగుల, సైనికుల పిల్లలు బయట చదవాల్సి వస్తే వారికి మినహాయింపు ఉంది. అదే అవసరంతో కంపెనీ పంపగా బెంగళూరుకో విశాఖకో వెళ్లిన ప్రైవేటు ఉద్యోగి బిడ్డకు లేదు. ఆంధ్రప్రదేశ్‌కు తరలివెళ్లే వారికి విభజన తర్వాత మూడేళ్ల గడువుతో ఇచ్చిన స్థానికత వెసులుబాటును పొడిగిస్తూ వచ్చి 2024 జూన్‌తో ఆపేశారు. ఇప్పుడు హైదరాబాద్ వదిలి విజయవాడ వెళ్లాలనుకునే తండ్రి అద్దె, జీతాలకంటే ముందు తొమ్మిదో తరగతిలో ఉన్న కూతురి నాలుగేళ్లను లెక్కపెట్టుకోవాలి. పొరపాటున మధ్యలో కదిలితే ఆ పిల్ల రెండు రాష్ట్రాల్లోనూ స్థానికేతరురాలయ్యే ప్రమాదం ఉంది. పౌరుడి కదలికకు ఇంత పెద్ద సుంకం వేసి, అతడు నగరాన్ని వదలడం లేదని నిందించడం తగదు.

మరోవైపు సంస్థల తరలింపునకు ఉన్న ఆదరణ చూడండి. 2025లో విశాఖలో టీసీఎస్‌కు 21 ఎకరాలకు పైగా భూమిని 99 పైసలకు కేటాయించారు, కాగ్నిజెంట్‌కూ అదే ధర. ఉద్యోగాలు వస్తాయంటే భూమి ఇవ్వడాన్ని మేము గుడ్డిగా వ్యతిరేకించం. కానీ ఆ ఉద్యోగి దిగే అద్దె ఇంటి సంగతేమిటి? ప్రకటన వెలువడిన మర్నాటికే మధురవాడలో యజమాని అద్దె పెంచితే, నాలుగేళ్లలో విశాఖ మరో కొండాపూర్ అవుతుంది. నగరానికి మెట్రో రైలు పరిశీలిస్తామని 2014 విభజన చట్టంలోనే రాసుకున్నారు. పదేళ్లు దాటినా పట్టాలు పడలేదు. కంపెనీకి ముందస్తు హామీ ఉంది, కుటుంబానికి బ్రోచరు మాత్రమే ఉంది.

ఎవరు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తున్నారో తెలిపే జనగణన 2021లో జరగాల్సింది, 2027కు పోయింది. 2011 నాటి లెక్కలతో నీటి పైపులు, బడులు, బస్సులు కేటాయించే ప్రభుత్వాలు కనీసం తమ చేతిలో ఉన్నదైనా చేయాలి. ఏ సంస్థ ఏ ఊళ్లో ఉంటుందో శాసనసభలో చట్టంగా నిలబెట్టి, దాన్ని మార్చాలంటే ప్రతిపక్షం సమ్మతి కూడా అవసరమయ్యేలా రాసుకోవాలి. పరిశ్రమకు భూమి ఇచ్చే ఒప్పందంలోనే ఉద్యోగుల అద్దె ఇళ్లకు, బడికి వాటా పెట్టాలి. స్థానికతపై రెండు రాష్ట్రాల ముఖ్యమంత్రులు కూర్చుని మాట్లాడుకోవాలి. ఉపాధి కోసం కదిలిన ఏ కుటుంబం బిడ్డకైనా, ప్రభుత్వ ఉద్యోగి బిడ్డకు వర్తించే మినహాయింపే వర్తించాలి. జూన్ 12న బడులు తెరుస్తారు. పిల్లలకు టీసీ తీసుకోవాలో వద్దో తల్లిదండ్రులు ఏప్రిల్‌లోనే తేల్చుకోవాలి. ఆ మినహాయింపు జీవో ఈలోపే రావాలి.