టైరును ఎండ చూసి కొనొద్దు, వాన చూసి కొనండి



దీపావళి దగ్గరికి వస్తా ఉండాది. చెన్నైలో, బెంగుళూరులో, కోయంబత్తూరులో పని చేసే మన పిల్లలు రైలు టికెట్టు దొరక్క కార్లు ఎక్కి కోవిల్‌పట్టికి, విరుదునగర్‌కు, చుట్టూ ఉండే పల్లెలకు వచ్చే కాలం. వందల కిలోమీటర్ల దారి. ఎక్కువమంది రాత్రిపూటే తోలుతారు. పక్కన పెండ్లాము, వెనక బిడ్డలు. అందుకే ఈసారి రాజకీయం, కల్యాణ మండపం సంగతి అన్నీ పక్కన పెట్టి కారు టైర్ గురించి రాస్తా ఉండాను. రైల్వేలో గుమాస్తాగా ఉండినవాడికి కారు టైర్ ఏం తెలుసు అనొద్దండి. చక్రం, పట్టు, వాన, ఈ మూడింటి లెక్క రైలుకైనా కారుకైనా ఒకటే.

నేను చెప్పేది ఒక్క మాట. మన సీమలో టైరును వాన దినానికి సరిపోతుందా అని చూసి కొనాలి. మన కుర్రవాళ్లు కొనేది అట్లా కాదు. చూపు చూసి, వెడల్పు చూసి, కంపెనీ పేరు చూసి కొంటారు. మన పెద్దవాళ్లు ఎన్ని కిలోమీటర్లు అరగకుండా వస్తుంది అని అడిగి కొంటారు. ఇద్దరూ అడగని ప్రశ్న ఒకటే: తడి రోడ్డు మీద బ్రేక్ తొక్కితే ఎక్కడ నిలబడుతుంది?

"మనది వానకు మొగం వాచిన ఊరు, ఏడాదిలో పది నెలలు ఎండే, వాన కోసం టైర్ కొనేదెందుకు" అని అడిగేవాళ్లు ఉండారు. ఆ మాట సగం నిజం. ఆ సగమే మోసం చేసేది. మనకు ఏడాది వానలో పెద్ద భాగం ఐప్పశి, కార్తిక మాసాల్లోనే దిగిపోతుంది. దీపావళి కూడా ఐప్పశిలోనే. అంటే మన వాళ్లు అందరూ రోడ్డు మీద ఉండే రాత్రులు, వాన ఎక్కువగా పడే రాత్రులు ఒకటే. పది నెలలు ఎండి ఉండే రోడ్డు మీద ఆయిలు, దుమ్ము, అరిగిన రబ్బరు పేరుకొని ఉంటాయి. మొదటి వానకు అదంతా పైకి తేలి జారుడు పడుతుంది. దానికి తోడు మన నల్లరేగడి మన్ను. చేని నుంచి ట్రాక్టర్ ఎక్కిందంటే చక్రాలకు పట్టిన బురద అంతా తారు మీద రాలుతుంది. కరిసల్ బురద మీద కాలు పెట్టి జారినవాడికి నేను చెప్పే పని లేదు.

2023 డిసెంబరు 17, 18 తేదీలు మరిచిపోయినారా? కాయల్‌పట్టినంలో ఒక్క దినంలో 95 సెంటీమీటర్ల వాన. మన చుట్టూ చెరువులు తెగి, రోడ్లు మునిగి, తిరుచెందూరు నుంచి చెన్నై పోయే ఎక్స్‌ప్రెస్ శ్రీవైకుంఠంలో నిలబడిపోయింది. లోపల 800 మందికి దగ్గరగా ప్రయాణికులు. ముందర పట్టాల కింద కంకర కొట్టుకొని పోయి ఉండింది. రైలును ఆపినారు కాబట్టి ఆ 800 ప్రాణాలు దక్కినాయి. రైల్వేలో దారి మీద అనుమానం ఉంటే డ్రైవరు చేతికి కాషన్ ఆర్డర్ కాగితం ఇస్తారు, ఇన్నో కిలోమీటరు నుంచి ఇన్నో కిలోమీటరు దాకా ఇంత వేగమే అని. పట్టాలు తడిగా ఉండి చక్రం జారితే ఇంజను చక్రం ముందర ఇసుక పోసే ఏర్పాటు ఉండాది. కారుకు కాషన్ ఆర్డర్ ఇచ్చేవాడు లేడు, ఇసుక పోసేవాడు లేడు. ఆ రెండు పనులూ టైరూ, తోలేవాడి బుద్ధీ చేయాలి.

ఇప్పుడు టైర్ పని చేసే విధం చూడండి. ఒక టైర్ నేలను ఆనుకొనేది మన అరచేయి అంత జాగా. నాలుగు అరచేతుల మీద టన్నుకు పైన బరువు పోతా ఉండాది. రోడ్డు మీద నీళ్లు ఉంటే టైర్ మీద ఉండే కాలవలు ఆ నీళ్లను పక్కకు తోసి రబ్బరుకు నేల అందించాలి. వేగం ఎక్కువై, కాలవలు అరిగిపోయి నీళ్లు పోయే దారి లేకుంటే టైర్ నీళ్ల మీదికి ఎక్కేస్తుంది. అప్పుడు స్టీరింగ్ తేలికైపోతుంది, బ్రేక్ పని చేయదు. కారు పడవ అయిపోతుంది, తెడ్డు కూడా ఉండదు.

అది ఏ వేగంలో జరుగుతుంది? అమెరికాలో నాసా వాళ్లు 1960ల్లో విమానం టైర్లను పరీక్ష చేసి ఒక లెక్క కట్టినారు. గుమాస్తా వాడిని, లెక్క లేకుండా నేను వదలను. టైర్‌లో గాలి ఎన్ని పౌండ్లో దాని వర్గమూలం తీసి 16.65తో గుణించండి. 36 పౌండ్లు అయితే వర్గమూలం 6, వేగం గంటకు సుమారు 100 కిలోమీటర్లు. 25 పౌండ్లు అయితే వర్గమూలం 5, సుమారు 83. ఇది కాలవలు అరిగి నున్నగా అయిన టైర్‌కు, లేదా కాలవల లోతును మించి నీళ్లు నిలిచిన రోడ్డుకు చెప్పే లెక్క. కాలవలు బాగా ఉండి నీళ్లు తక్కువ ఉంటే ఇంకా కొంచెం వేగం తట్టుకుంటుంది. మన నాలుగు లైన్ల రోడ్డు మీద, మదురై దాటి విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి, కయత్తారు అని పోతా ఉంటే, 100కు తక్కువ తోలే కుర్రవాడిని చూపించండి! గాలి తగ్గిన టైర్, అరిగిన టైర్, 100 వేగం, రోడ్డు పల్లంలో నిలిచిన నీళ్లు. ఈ నాలుగూ ఒకచోట కూడితే తోలేవాడు ఎంత గట్టివాడైనా ఏమీ చేయలేడు. గాలి ఎక్కువ పెడితే మంచిదా అంటే అదీ కాదు. డ్రైవర్ తలుపు దగ్గర అతికించిన కాగితంలో ఎంత రాసి ఉంటే అంతే. అది కూడా పొద్దున బండి కదలక ముందు, చల్లగా ఉండేటప్పుడు చూడాలి.

వెడల్పు సంగతికి వస్తాను. 185 టైర్ తీసి 205, 215 పెద్ద రిమ్ముతో వేసేది మన కుర్రవాళ్లకు ఒక గౌరవం అయిపోయింది. ఎండిన రోడ్డు మీద మలుపులో దాని పట్టు బాగానే ఉంటుంది, కాదనను. కానీ నిలిచిన నీళ్లలో వెడల్పు టైర్ ఎక్కువ నీళ్లను తోయాలి. అదే బరువు ఎక్కువ జాగాకు పరుచుకొంటుంది. కాబట్టి ముందుగా తేలిపోయేది అదే. అదే కారులో పై మోడల్‌కు కంపెనీ వాడు ఇచ్చిన సైజు వరకు పోవచ్చు. దానికి మించి పోయేది చూపు కోసమే.

హుషారుగా తోలేవాళ్లను నేను తిట్టను. ఆడి మాసంలో సారల్ పడేటప్పుడు కుట్రాలం పోయేవాళ్లు, శెంగోట్టై దాటి ఆరియంకావు కనుమ ఎక్కేవాళ్లు మనలో ఎంతో మంది ఉండారు. బండిని ఇష్టంగా తోలేది తప్పు కాదు. అట్లా తోలేవాడికే మంచి తడి పట్టు ఉండే టైర్ ముందుగా కావాలి. వాళ్లు కొనేటప్పుడు చూడాల్సినవి చెప్తాను.

మనకు కావలసింది మంచి సమ్మర్ టైర్. పేరు చూసి ఎండాకాలం టైర్ అనుకోవద్దు. ఏడు డిగ్రీలకు పైన ఉండే వాతావరణానికి, ఎండకూ వానకూ రెండింటికీ చేసింది అది. మన ఊళ్లో ఏడు డిగ్రీల చలి ఎవరు చూసినారు? మంచు దేశాల కోసం చేసిన టైర్లు మనకు అక్కరలేదు. కాలవలు తక్కువగా, నున్నగా ఉండే రేసు టైర్లు అసలే వద్దు. నీళ్లను బయటికి తోసే నాలుగు నిలువు కాలవలైనా ఉండాలి. బాణం గుర్తు ఉండే టైర్‌ను ఆ బాణం వైపే తిరిగేటట్లు వేయాలి. ఔట్‌సైడ్ అని రాసిన వైపు బయటికే రావాలి. వేసినాక కిందికి వంగి మీరే చూసుకోండి.

రబ్బరులో సిలికా కలిపిన టైర్‌కు తడి పట్టు ఎక్కువ. అమెరికా లెక్క ప్రకారం గుర్తు వేసిన టైర్ పక్కన ట్రాక్షన్ అని ఉండి ఏఏ, ఏ, బి, సి అని ఒక అక్షరం ఉంటుంది. అది తడి రోడ్డు మీద బ్రేక్ పట్టు. ఏ గాని ఏఏ గాని తీసుకోండి. దాని పక్కనే ట్రెడ్‌వేర్ అని ఒక అంకె. అది ఎంత పెద్దదైతే అంత మెల్లగా అరుగుతుంది. షాపువాడు చూపించేది ఈ అంకె, చూపించనిది ఆ అక్షరం. నిదానంగా అరిగే గట్టి రబ్బరుకు తడిలో పట్టు తగ్గేదే ఎక్కువ. రెండూ బాగుండే టైర్ కావాలంటే ధర పెరుగుతుంది. ఆ ధర ఇవ్వొచ్చు. పెండ్లికి ఒక పూట టిఫిన్ ఖర్చు అంత కూడా కాదు.

టైర్ వయసు చూడండి. పక్కన గుడ్డు ఆకారం గీతలో నాలుగు అంకెలు ఉంటాయి. 3523 అంటే 2023లో 35వ వారం తయారైంది అని. ఇది మా వంటి రిటైర్ అయినవాళ్లు ముఖ్యంగా చూడాలి. ఏడాదికి మూడు నాలుగు వేల కిలోమీటర్లే తోలుతాము, కాలవలు కొత్తగానే ఉంటాయి, "టైర్ బాగుండాది కదా" అంటాము. మన ఎండలో నిలబడి నిలబడి రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది. ఐదారేండ్లు దాటితే కాలవలు చూసి మోసపోవద్దు.

లోతు సంగతి. కొత్త టైర్‌లో సుమారు 8 మిల్లీమీటర్లు ఉంటుంది. చట్టం ప్రకారం కారుకు 1.6 దాకా వాడవచ్చు. అది చట్టం పెట్టిన హద్దు. వానాకాలానికి ఆ హద్దు చాలదు. 3 మిల్లీమీటర్లు వచ్చినప్పుడే మార్చేయండి అంటాను నేను. కొలిచే పనిముట్టు కొనక్కరలేదు. మనది అగ్గిపెట్టెల సీమ కదా! ఒక అగ్గిపుల్ల మీద స్కేలుతో 3 మిల్లీమీటర్ల దగ్గర పెన్నుతో గీత పెట్టండి. కాలవలోకి దించండి. గీత మునిగితే సరే. గీత పైన కనపడితే దీపావళికి ముందే టైర్ షాపుకు పోండి. లోపల, నడుమ, బయట మూడు చోట్లా చూడాలి.

రెండు టైర్లే మారుస్తే కొత్తవి వెనక వేయించండి. షాపులో ఒప్పుకోరు, "ఇంజను ముందర ఉండాది, ముందర వేయాలి" అంటారు. టైర్ కంపెనీలు చెప్పేది వెనక వేయమనే. ముందు చక్రం నీళ్లలో జారితే కారు నేరుగా పోతుంది, కాలు తీసేస్తే వేగం తగ్గి పట్టు మళ్లీ దొరికే వీలు ఉంటుంది. వెనక చక్రం జారితే కారు బొంగరం అయిపోతుంది. దాన్ని సరి చేసే చేతులు మనలో ఎంతమందికి ఉండాయి?

ఇన్ని చెప్పినాక కూడా, వానలో వేగం తగ్గించక తప్పదు. 60లో పోయే కారును ఆపడానికి బ్రేక్ తొక్కినాక ఎంత దూరం కావాలో, 90లో దానికి రెండుంపావు రెట్లు కావాలి. మంచి టైర్ ఆ దూరాన్ని తగ్గిస్తుంది, మాయం చేయదు. గట్టి వానలో క్రూజ్ కంట్రోల్ వేసి కాలు ముడుచుకొని కూర్చోవద్దు. "మెల్లగా తోలితే ఏ టైర్ అయినా చాలు" అనే పెద్దవాళ్లకు కూడా ఒక మాట: బైపాస్ మీద అడ్డం వచ్చే మేకల మందకు మీరు మెల్లగా వచ్చేది తెలీదు. అప్పుడు ఆపాల్సింది టైరే.

సంఘానికి నా విన్నపం ఒకటి. ప్రతి ఏడూ పురట్టాశి చివరి ఆదివారం మన మండపం ముందర సభ్యుల కార్లు నిలిపి, గాలి కొలిచే గేజు ఒకటి, అగ్గిపెట్టె ఒకటి పెట్టుకొని రెండు గంటలు టైర్లు చూద్దాము. వచ్చినవాళ్లకు కాఫీ నేను ఇప్పిస్తాను. అల్లుడికి కారు పెట్టే మామలు, కొడుక్కు కారు కొనిచ్చే నాయనలు ఆ దినం తప్పకుండా రండి. రంగు చూసినారు, సీటు చూసినారు, పాటలు పాడే పెట్టె చూసినారు. వంగి టైర్ కూడా చూడండి.

దూరాన ఉండే పిల్లలకు ఈ రాత పంపించండి. బయలుదేరే ముందు అగ్గిపుల్ల పెట్టి చూసుకొని రమ్మనండి. ఒక పూట ఆలస్యమైనా పండుగ ఎక్కడికీ పోదు.

అందరికీ దీపావళి శుభాకాంక్షలు.