ఎక్స్‌రేకు అందని బూడిద

సింగరేణి కాలనీల్లో పీఎంఈ (పీరియాడికల్ మెడికల్ ఎగ్జామినేషన్) అంటే తెలియని ఇల్లు ఉండదు. ఐదేళ్లకోసారి కార్మికుణ్ని పిలుస్తారు. ఛాతీ ఎక్స్‌రే తీస్తారు, గొట్టంలోకి గట్టిగా ఊదమంటారు, చెవులు, కళ్లు, బీపీ చూస్తారు. 1955 నాటి గనుల నిబంధనలు ఈ పరీక్షను తప్పనిసరి చేశాయి కాబట్టే బొగ్గు దుమ్ముతో పాడైన ఊపిరితిత్తులు ఎంతోకొంత లెక్కలోకి వచ్చాయి. ఆ పరీక్షను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. దుమ్ము విషయంలో అది ఛాతీ దగ్గరే ఆగిపోతోందన్నదే నా బాధ. బొగ్గు, బూడిద మనిషి లోపలికి మోసుకొచ్చే సీసం, కాడ్మియం, ఆర్సెనిక్, పాదరసం ఊసు ఆ కాగితాల్లో లేదు. ఇవి ఏళ్ల తరబడి ఒంట్లో చేరితే రోగాన్ని తట్టుకునే శక్తే దెబ్బతింటుందని శాస్త్రం చెప్పి అరవై ఏళ్లు కావస్తోంది.

రామగుండం చుట్టుపక్కల ఏం జరుగుతోందో ఒకసారి చూడండి. 1971లో 62.5 మెగావాట్ల బి-థర్మల్ విద్యుత్ కేంద్రం వచ్చింది. 1983లో ఎన్టీపీసీ మొదటి యూనిట్ మొదలై, ఆ స్టేషన్ 2600 మెగావాట్లకు పెరిగింది. దాని పక్కనే ఇటీవల ఎనిమిది వందల మెగావాట్ల యూనిట్లు మరో రెండు లేచాయి. గోదావరిఖనికి ఆనుకుని ఓపెన్‌కాస్టులు ఉన్నాయి, రోడ్ల మీద బొగ్గు లారీలు, బూడిద లారీలు ఉన్నాయి. మన బొగ్గులో మూడో వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే బూడిద. బొగ్గు కాలినప్పుడు కాలేది కర్బనం. లోహాలు కాలవు. టన్ను బొగ్గులో ఉన్న సీసం, ఆర్సెనిక్‌లో చాలా భాగం మిగిలిన మూడు నాలుగు క్వింటాళ్ల బూడిదలోకే దిగుతుంది. పాదరసం మాత్రం ఆవిరై ఎక్కువగా పొగగొట్టం దారి పడుతుంది.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. బాయిలర్ వేడికి ఆర్సెనిక్, సెలీనియం లాంటివి ఆవిరవుతాయి. పొగ చల్లబడుతున్నప్పుడు అవి బూడిద రేణువుల పైపొర మీద పేరుకుంటాయి. రేణువు ఎంత చిన్నదైతే దాని బరువుకు పైపొర అంత ఎక్కువ. అంటే ముక్కులో, గొంతులో ఆగకుండా ఊపిరితిత్తుల అడుగు దాకా వెళ్లగలిగే అతి సన్నని బూడిదే లోహాలను కూడా ఎక్కువగా మోస్తుంది. కంటికి కనిపించి తుమ్ములు తెప్పించే దుమ్ము కన్నా కనిపించని దుమ్ముకే నేను ఎక్కువ భయపడతాను.

ఎన్టీపీసీ బూడిదను నింపే కుందనపల్లి బూడిద చెరువు వైపు ఎండాకాలం గాలి లేచినప్పుడు ఆడవాళ్ల పని చూస్తే ఈ లెక్క అర్థమవుతుంది. ఆరేసిన బట్టలు మళ్లీ దులుపుతారు. నీళ్ల బిందెల మీద మూతలు, మూతల మీద గుడ్డలు. పొద్దున ఊడ్చిన వాకిలి మధ్యాహ్నానికి బూడిద రంగుకు తిరుగుతుంది. మళ్లీ చీపురు పట్టుకుంటారు. పొడి చీపురుతో ఊడిస్తే నేల మీద సన్నటి బూడిద సరిగ్గా ముక్కు ఎత్తుకు లేస్తుంది. తెలంగాణలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉంది. ఒంట్లో ఐరన్ తక్కువైతే పేగులు ఐరన్ కోసం ఆత్రపడి, కాడ్మియాన్నీ సీసాన్నీ కూడా మామూలు కన్నా ఎక్కువ పీల్చుకుంటాయి. అదే గాలిలో, అదే ఇంట్లో ఉన్నా మొగుడి ఒంట్లో చేరేదానికన్నా పెళ్లాం ఒంట్లో చేరేది ఎక్కువ కావచ్చు. ఆమెను ఏ పీఎంఈకీ ఎవరూ పిలవరు.

ఈ లోహాలు చేసే పని ఏమిటి? ఒంటికి జింక్ కావాలి. రోగాలతో పోరాడే టి-కణాలను తయారుచేసే థైమస్ గ్రంథి జింక్ లేకపోతే సరిగ్గా నడవదు. కాడ్మియం రసాయనికంగా జింక్‌కు దగ్గరి పోలిక. ఒకడి మస్టర్ మీద ఇంకొకడు బాయి (గని) దిగినట్టు, జింక్ ఉండాల్సిన చోట కాడ్మియం చేరి కూర్చుంటుంది, పని మాత్రం చేయదు. పైగా ఒకసారి మూత్రపిండాల్లో చేరిందంటే సగం తగ్గడానికే పది నుంచి ముప్పై ఏళ్లు పడుతుంది. బీడీ, సిగరెట్ తాగేవాళ్ల ఒంట్లో కాడ్మియం తాగనివాళ్ల కన్నా దాదాపు రెట్టింపు ఉంటుంది. పొగాకు మొక్క మట్టిలోని కాడ్మియాన్ని ఆకుల్లోకి లాగుతుంది కాబట్టి.

సీసం ఇంకో దారి. అది కాల్షియం పోలికతో ఎముకల్లో దాక్కుంటుంది. రక్తంలో దాని ఆనవాలు నెల రోజుల్లో సగానికి పడిపోతుంది, ఎముకల్లో దశాబ్దాలు ఉంటుంది. రక్తపరీక్ష బాగుందని ఊపిరి పీల్చుకోవడానికి లేదు. 1971లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక ప్రయోగం ఈ విషయంలో నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. పైకి ఏ లక్షణమూ కనిపించనంత కొద్ది మోతాదులో ఎలుకలకు నెల రోజులు సీసం ఎక్కించారు. అవి మామూలుగానే తిని తిరిగాయి. తర్వాత సాల్మొనెల్లా క్రిమిని ఎక్కిస్తే, సీసం ఎక్కని ఎలుకల కన్నా ఎంతో ఎక్కువగా చచ్చిపోయాయి. చావుకు కారణం రాయమంటే ఎవరైనా సాల్మొనెల్లా అనే రాస్తారు. సీసం పేరు ఎక్కడా రాదు.

పాదరసం రక్షణ వ్యవస్థను బలహీనపరచడంతో ఆగదు, దారి తప్పిస్తుంది. బ్రెజిల్‌లో పాదరసంతో బంగారం తీసే కార్మికుల రక్తంలో, సొంత కణాల మీదే తిరగబడే యాంటీబాడీలు ఎక్కువగా కనిపించాయి. ఆర్సెనిక్ సంగతి చిలీలోని ఆంటోఫగాస్టా నగరం చెబుతుంది. 1958 నుంచి 1970 దాకా ఆ ఊరు తాగిన నది నీటిలో సహజంగానే ఆర్సెనిక్ లీటరుకు 860 మైక్రోగ్రాముల దాకా ఉంది. ఇప్పటి పరిమితి పది. 1970లో శుద్ధి చేయడం మొదలుపెట్టారు. నీళ్లు బాగుపడ్డాక కూడా దశాబ్దాల పాటు ఆ ప్రాంతంలో క్షయతో చనిపోయేవాళ్లు మిగతా చిలీ కన్నా ఎక్కువగానే ఉన్నారు. చిన్నప్పుడు ఆ నీళ్లు తాగినవాళ్లలో ముసలితనం రాకముందే ఊపిరితిత్తుల జబ్బులతో పోయినవాళ్లు కూడా ఎక్కువే. బంగ్లాదేశ్‌లోని మత్లబ్‌లో తల్లి గర్భంతో ఉన్నప్పుడు ఒంట్లో ఆర్సెనిక్ ఎక్కువుంటే, పుట్టిన బిడ్డకు థైమస్ చిన్నదిగా ఉందని తేలింది.

బొగ్గు గని కార్మికులకు మరీ దగ్గరి సంగతి వేల్స్ నుంచి వచ్చింది. 1953లో కార్డిఫ్‌లో ఆంథనీ కాప్లాన్ అనే డాక్టర్ బొగ్గు గని కార్మికుల ఎక్స్‌రేలు చూస్తున్నాడు. కొన్నిటిలో మామూలు బొగ్గు మచ్చలు కాకుండా గుండ్రటి గడ్డలు కనిపించాయి. ఆ మనుషుల కీళ్లు చూస్తే రుమటాయిడ్ వాతం. ఈ వాతమంటే రోగనిరోధక వ్యవస్థ సొంత కీళ్ల మీద పడటమే. ఛాతీని ఒక డాక్టరు, కీళ్లను ఇంకో డాక్టరు చూస్తుంటే ఎప్పటికీ కలవని రెండు ముక్కలను ఆయన పక్కపక్కన పెట్టాడు. ఇప్పుడు దాన్ని కాప్లాన్ సిండ్రోమ్ అంటారు. ఇందులో లోహాల కన్నా రాతి దుమ్ములో ఉండే సిలికా పాత్ర ఎక్కువ, అది వేరు చేసి చెప్పాలి. ఊపిరితిత్తుల్లోకి వచ్చిన రేణువును మింగడానికి వచ్చిన రక్షక కణం సిలికాను అరిగించుకోలేక పగిలిపోతుంది. లోపలున్నదంతా బయటపడి వాపు మొదలవుతుంది. సిలికా పీల్చినవాళ్లకు క్షయ ఎక్కువగా రావడానికీ ఈ కణాల చావే పెద్ద కారణం. దుమ్ములో సిలికా, లోహం విడివిడిగా రావు. కార్మికుడు రెండిటినీ ఒకే ఊపిరిలో పీలుస్తాడు.

గోదావరిఖనిలో ఏ ల్యాబ్ ముందైనా కాసేపు కూర్చుంటే రిటైరైన కోల్‌ఫిల్లర్ల చేతుల్లో పాలిథిన్ కవర్లు కనిపిస్తాయి. అలాంటి ఒక కవర్ నేను విప్పి చూశాను. ఎప్పటిదో ఛాతీ ఎక్స్‌రే, మడతల దగ్గర పొర ఊడిపోయింది. ఆరు నెలలు మింగిన టీబీ మందుల కార్డు. మోకాళ్లకూ వేళ్లకూ రాసిన నొప్పి మాత్రల చీటీలు, ఒక్కోటి ఒక్కో ఆసుపత్రిది. చలికాలం వస్తే వదలని దగ్గుకు యాంటీబయాటిక్. అన్ని కాగితాల మీదా పేరు, వయసు ఉన్నాయి. ఎన్నేళ్లు బాయి దిగాడో, ఎక్కడ కాపురం ఉన్నాడో ఒక్కదాని మీద కూడా లేదు. ఆయన జబ్బులకు లోహాలే కారణమని నేను అనను, అనలేను. ఆ ప్రశ్న ఇన్నేళ్లలో ఒక్కరికీ రాలేదన్నదే నన్ను కలవరపెట్టింది.

ప్రశ్న రాకపోవడానికి కారణం ఉంది. 2020 డిసెంబరులో ఏలూరులో జరిగింది గుర్తుందా? వందల మంది ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోయారు. వారం తిరక్కముందే రక్త నమూనాలు ఢిల్లీ ఎయిమ్స్‌కు చేరాయి. వాటిలో సీసం, నికెల్ కనిపించాయన్న వార్త ఆంధ్రప్రదేశ్ అంతా మోగింది. తర్వాతి పరిశోధన పురుగుమందుల వైపు తిరిగింది, అది వేరే కథ. మనిషి నడిరోడ్డు మీద కూలితే యంత్రాంగం కదులుతుంది. ముప్పై ఏళ్లలో మెల్లగా కూలే మనిషి కోసం కదలదు. పైగా మన బొగ్గు బెల్టులో జబ్బు అనగానే మాట మెడికల్ బోర్డు మీదికి, అన్‌ఫిట్ మీదికి, అన్‌ఫిట్ అయితే వచ్చే కొడుకు ఉద్యోగం మీదికి పోతుంది. బతుకు అలా కట్టేసి ఉంది కాబట్టి కార్మికుణ్ని తప్పుపట్టను. కానీ రోగం ఉద్యోగానికి సంబంధించిన కాగితంగా మారిపోయాక, రోగాన్ని రోగంగా వెతికేవాళ్లు తగ్గిపోయారు. కార్మిక సంఘాల డిమాండ్ల జాబితాల్లో లోహాల పరీక్షలకు చోటు దొరకాలి.

అనవసరంగా భయపెట్టడం కూడా తప్పే. చైనాలోని గుయిజౌలో ఆర్సెనిక్ నిండిన బొగ్గును పొగగొట్టం లేని పొయ్యిల్లో కాల్చి, ఆ పొగ మీద మిరపకాయలు ఎండబెట్టుకుని వేల మంది విషం తిన్నారు. మన బొగ్గు ఆ రకం కాదు. ఇళ్ల ముందు బొగ్గు పొయ్యిలు రాజేసి కాలనీ అంతా పొగ కమ్మిన రోజులు పెద్దవాళ్లకు గుర్తే, ఆ రోజులూ చాలావరకు పోయాయి. మన దగ్గర ఉన్నది చాలా కాలం పాటు అందే కొద్ది మోతాదు. అది ఎంత హాని చేస్తోందో కొలిచి చూడకుండా అవునని గానీ కాదని గానీ ఎవరికీ చెప్పే హక్కు లేదు. ‘ఒంట్లో విషం తీసేస్తాం’ అని ప్యాకేజీలు అమ్మేవాళ్ల మాట మాత్రం వినకండి. లోహాలను బయటికి లాగే మందులు ఉన్నాయి గానీ పరీక్షలో తేలాక, ఆసుపత్రిలో, డాక్టరు ఎదుట వాడాల్సినవి. కీళ్ల నొప్పులకని సంతలో పొట్లాల్లో కొనే పేరూ ఊరూ లేని భస్మాల్లో సీసం, పాదరసం బయటపడిన సందర్భాలు దేశంలో కొల్లలు. బాయి నుంచి ఎక్కింది చాలదన్నట్టు మళ్లీ చేత్తో మింగడం అది.

చేయాల్సిన పని పెద్ద రహస్యమేమీ కాదు. పీఎంఈలో కాడ్మియం, ఆర్సెనిక్ కోసం మూత్రపరీక్ష, సీసం, పాదరసం కోసం రక్తపరీక్ష చేర్చాలి. మొదట దుమ్ము ఎక్కువ తగిలేవాళ్లకు, అంటే డ్రిల్లర్లకు, సీహెచ్‌పీల్లో (కోల్ హ్యాండ్లింగ్ ప్లాంట్లలో) పనిచేసేవాళ్లకు, బూడిద లారీల మీద ఎక్కేవాళ్లకు. వీళ్లలో కాంట్రాక్టు కార్మికులే ఎక్కువ. గుత్తేదారు మారినప్పుడల్లా వాళ్ల ఆరోగ్య చరిత్ర కొత్తగా మొదలు కాకూడదు. రిటైర్మెంట్ రోజున పరీక్ష ఆగిపోవడం మరీ అన్యాయం. కాడ్మియం రిటైర్ కాదు, ఆంటోఫగాస్టాలో కారణం పోయిన చాలా ఏళ్ల తర్వాత కూడా దెబ్బ బయటపడుతూనే ఉంది. బూడిద చెరువు పక్క ఊళ్లలో బావి నీళ్లు, ఆకుకూరలు, పిల్లల రక్తం, గర్భిణుల మూత్రం ఏటా ఒకసారి చూడాలి. పోల్చడానికి బూడిద తగలని దూరపు ఊరు ఒకటి పక్కన పెట్టుకుంటేనే ఆ లెక్కలకు విలువ.

ఎవరు చేస్తారంటే, గోదావరిఖనిలో ఇప్పుడు మెడికల్ కాలేజీ ఉంది. రోజూ ఓపీలో కూర్చునే జూనియర్ డాక్టర్లు చీటీ మీద రెండు ముక్కలు అదనంగా రాస్తే చాలు: ఏం పని చేశావు, ఎక్కడ ఉంటావు. టీబీ, వాతం, మళ్లీ మళ్లీ వచ్చే న్యుమోనియా ఎక్కడెక్కడ గుంపుగా వస్తున్నాయో రెండేళ్లలో పటం మీద కనిపిస్తుంది. లోహాలు కొలిచే యంత్రాలు హైదరాబాదులో పోషకాహార సంస్థ దగ్గరా, అహ్మదాబాదులో వృత్తి ఆరోగ్య సంస్థ దగ్గరా ఉన్నాయి. డబ్బు సంగతా? 2015లో గనుల చట్టం సవరించినప్పటి నుంచి తవ్విన ప్రతి టన్నుకూ కట్టే రాయల్టీతో పాటు జిల్లా ఖనిజ నిధికి వాటా జమవుతోంది. ఆ నిధిలో పెద్ద వాటాను తాగునీరు, కాలుష్య నివారణ, ఆరోగ్యం లాంటి వాటికే ముందు ఖర్చు చేయాలని మార్గదర్శకాలు రాసి ఉన్నాయి. పెద్దపల్లి జిల్లాలో ఆ నిధి పద్దుల్లో రోడ్లు, కమ్యూనిటీ హాళ్ల పక్కన ఈసారి ఒక్క పద్దు ఇలా ఉండాలి: కుందనపల్లి పిల్లల రక్తంలో సీసం పరీక్ష, ఇంతమందికి, ఇంత ఖర్చు, ఫలితాలు ఫలానా తేదీన ఊరి గోడ మీద.