కరెంటంటే భయం, గొలుసంటే లేదు

కడప జిల్లా ఎర్రగుంట్ల వాళ్లకు కరెంటు కొత్త కాదు. కలమళ్ల దగ్గరి థర్మల్ కేంద్రం దాన్ని తయారుచేసి ఊళ్లకు పంపుతోంది. అయినా డిప్రెషన్ ముదిరి, అన్నం మానేసి, చావు మాటలే మాట్లాడే మనిషికి షాక్ ట్రీట్‌మెంట్ కావాలని డాక్టరు చెబితే, మెదడు మాడిపోతుందని ఇంటిల్లిపాదీ హడలిపోతారు. ఆ మనిషికే గాలి సోకిందని వేపమండలతో కొట్టించడానికి మాత్రం ఎవరూ జంకరు. సినిమాల్లో కెవ్వుమని గింజుకునే రోగిని చూసి పెంచుకున్న భయం ఇది.

నిజానికి రోగికి ముందు మత్తిస్తారు, కండరాలు సడలే మందిస్తారు. కరెంటు పెట్టేది కొన్ని సెకన్లే. దానివల్ల మెదడులో పుట్టే మూర్ఛ సాధారణంగా నిమిషం లోపే ఆగిపోతుంది. ఆ మూర్ఛే చికిత్స, కరెంటు దాన్ని రప్పించే సాధనం మాత్రమే. వారానికి రెండు మూడు సార్ల చొప్పున ఆరు నుంచి పన్నెండు సార్లు ఇస్తారు. మెదడు కణాలు మాడిపోతాయనడానికి ఆధారాల్లేవు. పైగా ఎంఆర్ఐ పరీక్షల్లో హిప్పోక్యాంపస్ అనే భాగం కాస్త పెరిగినట్టు కనిపించింది. రోగం తగ్గింది ఆ పెరుగుదల వల్లేనని మాత్రం రుజువు కాలేదు. జ్ఞాపకాల నష్టం నిజం. చికిత్స జరిగిన రోజులు, దానికి ముందటి కొన్ని నెలలు మసకబారొచ్చు. కొందరికి కొన్ని జ్ఞాపకాలు తిరిగి రావు. దీన్ని దాచే డాక్టరును నిలదీయాల్సిందే.

‘ఎలా పనిచేస్తుందో పూర్తిగా తెలియనప్పుడు మీదీ నమ్మకమే కదా’ అంటారు. ఈ చికిత్సకు మూలం తప్పుడు ఊహేనన్నది నిజమే: మూర్ఛరోగం, స్కిజోఫ్రెనియా ఒకదానికొకటి విరుద్ధమనుకుని 1934లో బుడాపెస్ట్‌లో మెడూనా అనే డాక్టరు మందులతో మూర్ఛ తెప్పించాడు. 1938లో రోమ్‌లో చెర్లెట్టి, బీనీ ఆ పనికి కరెంటు వాడారు. ఊహ నిలవలేదు, ఫలితం నిలిచింది. ఎందుకంటే దాన్ని పరీక్షించారు. కొందరికి మత్తిచ్చి కరెంటు పెట్టకుండా వదిలేశారు. ఆ ప్రయోగాలన్నిటినీ కలిపి 2003లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రచురించిన విశ్లేషణలో కరెంటు పెట్టినవాళ్లకే ఎక్కువ తగ్గినట్టు తేలింది. నమ్మకం ఎంత, వైద్యం ఎంత అని విడదీసి చూడటమంటే ఇదే. తాయెత్తుకు అలాంటి పరీక్ష ఎవరు పెట్టారు? డిప్రెషన్ కొందరిలో నెలల తర్వాత దానంతటదే సర్దుకుంటుంది. ఆ పేరు తాయెత్తు కొట్టేస్తుంది.

మత్తు లేకుండా షాకిచ్చి ఎముకలు విరగ్గొట్టిన కాలం ఒకటుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 95వ సెక్షన్ ఆ పద్ధతిని నిషేధించింది. రోగిని గొలుసులతో కట్టడాన్నీ అదే సెక్షన్ నిషేధించింది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడి దర్గా దగ్గర మానసిక రోగుల ఆశ్రమం ఒకదానిలో మంటలు లేచినప్పుడు, గొలుసులు తెంచుకోలేక 28 మంది కాలిపోయారు. గాలి, ధూళి అనుకుంటూ రోజులు గడపకుండా, అన్నం మానేసిన మనిషిని ముందు కడప రిమ్స్‌లో మానసిక వైద్యులకు చూపించండి.