కదన మెఱుఁగని టాంకు

టాంకు బొమ్మను చూడఁగానే మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల బాలురు ఫిరంగి యెంతటిదని యడుగుదురు. ఎన్ని చేసిరని ముం దడుగవలెనని మా యభిప్రాయము.

1942 ఏప్రిల్ 6వ తేదీని విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు వేసిన జపాను టాంకులలో వెనుకఁబడియే యుండెను. ఉక్కులో పెద్దపాలు ఓడలకు, విమానములకు పోయెను. అమెరికావారి షెర్మను టాంకు నెదుర్కొనుటకు 'చి-ను' 1944లో గాని సిద్ధము కాలేదు. అదియైనను పూర్తిగాఁ గ్రొత్తది కాదు: వెనుకటి 'చి-హె' శకటముపై, చక్రములతో లాగుకొనిపోవు ఫిరంగిని కొంత మార్చి 75 మిల్లీమీటర్లదాని నమర్చిరి. ఫిరంగి మంచిదే, కాదనము. కాని షెర్మనులు దాదాపు 50,000. చి-నులు రెండువందలైనను లేవు. వానిని స్వదేశరక్షణకై దాఁచియుంచఁగా, 1945 ఆగస్టులో జపాను లొంగిపోయెను. ఒక్కటియు యుద్ధము చూడలేదు. మిగిలిన యొక్క చి-ను త్సుచియురా సైనిక పాఠశాలలో నున్నది.