ఏ ప్రజల జట్టు?

మాస్కో నగరంలోని స్పార్టక్ ఫుట్‌బాల్ క్లబ్బును రష్యా దేశీయులు 'ప్రజల జట్టు' అని పిలుచుకుంటారు. సోవియట్ కాలంలో 12 పర్యాయాలు, తరువాతి రష్యాలో 10 పర్యాయాలు జాతీయ విజేతగా నిలిచిన ఆ క్లబ్బుకు కప్పులన్నిటికంటె ఈ బిరుదే మిన్న. అయితే బిరుదు అనేది తాతలు కట్టించిన ఇల్లు వంటిది కాదు, వారసత్వంగా అనుభవించడానికి. ప్రతి తరమూ దానిని తిరిగి సంపాదించుకోవలసిందేనని మా అభిప్రాయం. స్పార్టక్ చరిత్రయే అందుకు నిదర్శనం.

1922లో మాస్కోలోని ప్రెస్న్యా అనే కార్మికవాడలో ఈ క్లబ్బు పుట్టింది. అక్కడి యువకులు తామే పూనుకొని మైదానం సిద్ధం చేసుకున్నారు. వారిలో ముఖ్యులు స్తారోస్తిన్ సోదరులు నలుగురు: నికొలాయ్, అలెక్సాందర్, ఆంద్రేయ్, ప్యోతర్. 1935లో చేతివృత్తులవారి సహకార సంఘాల అండతో క్లబ్బు కొత్త రూపు దాల్చింది. రోమను ప్రభువులపై తిరుగుబాటు జెండా ఎత్తిన బానిస వీరుని పేరు దానికి పెట్టారు. ఆనాడు డైనమో జట్టు వెనుక రహస్య పోలీసుశాఖ ఉండేది. మరొక జట్టు వెనుక సైన్యం ఉండేది. దర్జీలు, చెప్పులు కుట్టేవారు, చిల్లర కొట్లలో పనిచేసేవారు తమదని చెప్పుకోగలిగినది స్పార్టక్ ఒక్కటే. ప్రజల జట్టు అనే మాటకు మూలం ఇదే.

కాని నిజం చెప్పాలంటే స్పార్టక్‌కు కూడ దర్బారులో ఒక పెద్దదిక్కు ఉండేవాడు. యువజన కమ్యూనిస్టు సంఘానికి నాయకుడైన కోసరెవ్ ఈ జట్టును ఆదరించేవాడు. 1939లో ఆయనకు మరణశిక్ష అమలైంది. రహస్య పోలీసుశాఖ అధిపతి బేరియా డైనమో పక్షపాతి. ఆ ఏడాది సోవియట్ కప్పు సెమీఫైనల్లో స్పార్టక్ జట్టు త్బిలీసి డైనమోను 1–0 గోలుతో ఓడించింది. ఫైనలు కూడ గెలిచి కప్పు అందుకున్నది. ఆ తరువాత సెమీఫైనలును మళ్లీ ఆడవలసిందని ఉత్తరువు వచ్చింది! ఫైనలు ముగిసి కప్పు ఇచ్చిన పిదప సెమీఫైనలు ఆడడం కన్న వింత ఏముంటుంది? రెండవసారి కూడ స్పార్టక్ 3–2 గోళ్లతో గెలిచింది. మైదానంలో అధికారం ఓడిపోయింది. 1942లో నలుగురు సోదరులనూ నిర్బంధించారు. 1943లో ఒక్కొక్కరికి పదేసి సంవత్సరాల శిక్ష పడింది. బూర్జువా క్రీడానీతిని ప్రచారం చేశారన్నది నేరారోపణలలో ఒకటి.

విచిత్రమేమంటే ఫుట్‌బాలే నికొలాయ్ స్తారోస్తిన్‌ను బ్రతికించింది. నిర్బంధ శిబిరాల అధికారులు సైతం ఆయన చేత తమ జట్లకు శిక్షణ ఇప్పించుకోవాలని ఆశపడ్డారు. 1953లో స్టాలిన్ మరణించాడు, బేరియా కూడ అంతరించాడు. మరుసటి యేడు నికొలాయ్ మాస్కో చేరి, 1955లో మళ్లీ స్పార్టక్ అధ్యక్షపదవి స్వీకరించాడు. 1996లో కన్నుమూసే వరకు ఆ క్లబ్బు నీడను వీడలేదు.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో స్వర్ణపతకం గెలిచిన సోవియట్ జట్టులో అధికభాగం స్పార్టక్ వారే. నాయకుడు ఇగోర్ నెత్తో, ఫైనల్లో యుగోస్లావియాపై ఏకైక గోలు చేసిన ఇల్యిన్, ఇద్దరూ ఆ క్లబ్బు బిడ్డలే. అదే యుగోస్లావియా చేతిలో సెమీఫైనల్లో ఓడి నాలుగవ స్థానం పొందిన జట్టు మన భారతదేశానిదని మన విద్యార్థులలో ఎందరికి తెలుసు? ఆ జట్టుకు శిక్షకుడు హైదరాబాదుకు చెందిన ఉపాధ్యాయుడు సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పు గెలిచింది. కనుక పోలీసు జట్టు అయినంత మాత్రాన ప్రజలకు దూరమనుకోరాదు. తప్పు ఉద్యోగంలో లేదు, అధికారాన్ని ఆటలోకి దింపడంలో ఉన్నది. స్పార్టక్ చరిత్ర కూడ ఇదే చెబుతున్నది. 1976లో ఆ క్లబ్బు రెండవ శ్రేణికి దిగజారినప్పుడు దానిని ఉద్ధరించినవాడు ఒకనాటి డైనమో ఆటగాడు కాన్‌స్తాంతిన్ బెస్కోవ్. ఆయన శిక్షణలో మరుసటి యేడే పై శ్రేణికి చేరి, 1979లో స్పార్టక్ దేశవిజేత అయినది. ప్రత్యర్థి ఇంటి మనిషినైనా ఆదరించగల ఔదార్యం ఉన్నందువల్లనే అది సాధ్యమైంది.

ఇక మనసును కలచివేసే ఘట్టం. 1982 అక్టోబరు 20న లూజ్నికీ స్టేడియంలో హాలెండు జట్టు హార్లెమ్‌తో పోటీ. గడ్డకట్టే చలి. ఆట ముగిసే వేళకు మంచు పట్టిన మెట్ల మీద, ఒకే దారి గుండా బయటికి పోవలసివచ్చిన జనం తొక్కిసలాటలో చిక్కుకొని, అధికారిక లెక్క ప్రకారమే 66 మంది మరణించారు. వారిలో ఎక్కువమంది పిన్న వయస్కులు. మరునాడు ఒక సాయంకాల పత్రికలో నాలుగు ముక్కల వార్త తప్ప మరేమీ రాలేదు. 1989 వరకు ఆ తల్లిదండ్రుల దుఃఖానికి అచ్చులో చోటు దొరకలేదు. కప్పులు గెలిచిన తేదీలు గుర్తుంచుకొని, చనిపోయిన పిల్లల పేర్లు దాచిపెట్టే సంస్థ ఎంత పెద్దదైనా ప్రజలది కాజాలదు.

సోవియట్ రాజ్యం అంతరించిన పిదప 1992 నుంచి 2001 వరకు పది పోటీలలో తొమ్మిది స్పార్టకే గెలిచింది. తరువాత చమురు సంస్థ లుకోయిల్ ప్రముఖులలో ఒకరైన లియొనిద్ ఫెదూన్ చేతికి క్లబ్బు వచ్చింది. ధనానికి కొదవ లేదు. అయినా తదుపరి విజయానికి 2017 దాకా వేచి ఉండవలసివచ్చింది. 2014లో సొంత స్టేడియం వెలసి, అక్కడ నలుగురు సోదరుల విగ్రహం నిలిచింది. 2022లో యుక్రెయిన్‌పై రష్యా దండయాత్రతో రష్యను జట్లను యూరపు పోటీల నుంచి తొలగించినప్పుడు స్పార్టక్ కూడ వెలి అయినది. ఆ యేడే క్లబ్బు నేరుగా చమురు సంస్థ వశమైంది.

రాజ్యం పెట్టిన బాధలు, ధనం తెచ్చిన చిక్కులు బయటినుంచి వచ్చినవి. లోపలినుంచి వచ్చినది వీటికంటె భయంకరం. 2010 డిసెంబరులో ఒక ఘర్షణలో స్పార్టక్ అభిమాని ఒకడు హతుడైనాడు. నిందితులు ఉత్తర కాకసస్ ప్రాంతీయులు. హంతకుని శిక్షించాలని కోరడం న్యాయమే. కాని డిసెంబరు 11న క్రెమ్లిను కోట చెంత మానెజ్ చౌకులో గుమికూడిన వేలమందిలో పలువురు జాతిద్వేష నినాదాలు చేస్తూ, ముఖం చూసి పరాయివారనుకున్న వారిపై చేయి చేసుకున్నారు. వారిలో స్పార్టక్ అభిమానులూ ఉన్నారు. ఆ క్లబ్బు తరఫున అత్యధిక గోళ్లు చేసిన నికీతా సిమొన్యాన్ ఆర్మీనియను. అరువదులలో ఆ జట్టుకు వెన్నెముకయైన ఖుసాయినోవ్ తాతారు. 1988లో ప్రపంచపు ఉత్తమ గోలుకీపరుగా ఎన్నికైన రినాత్ దసాయెవ్ కూడ తాతారే. ఖుసాయినోవ్ పేరులో మన హుసేన్ పేరు వినిపించడం లేదా? ఆ ఎర్ర చొక్కా తొడిగినప్పుడు వారు ప్రజలు, వీధిలో నడిచేటప్పుడు వారివంటివారు పరాయివారా? ప్రజలు అనే మాటకు గోడ కట్టిననాడే ప్రజల జట్టు అనే మాట వట్టిపోతుంది.

మన కళాశాల చిన్నది. జట్టు ఇంకా చిన్నది. అయినా ఉర్దూ మాధ్యమం వారు, తెలుగు మాధ్యమం వారు ఒకే చొక్కా తొడిగి మైదానంలోకి దిగుతున్నారు. విద్యార్థులకు మా మనవి ఒక్కటే: గోలు చేసిన వానిని మనవాడనుకొని, గోలు పోగొట్టిన వానిని వారివాడనే అలవాటును దరికి రానీయవద్దు. కమిటీ పెద్దలకు మా విన్నపం: బీరువాలోని కప్పులతో పాటు ఆడినవారందరి పేర్లు, ఓడిన పోటీలతో సహా, ఒక పుస్తకంలో వ్రాయించి ఉంచండి. దాతల పేర్లు గోడమీద ఎలాగూ ఉంటాయి. ఆడిన పిల్లల పేర్లు మనం వ్రాస్తేనే ఉంటాయి.